మామిడి తోట నీడలో మామిడి అల్లము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ముదురు మామిడి తోటలు గల రైతులు తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "చెట్లు చిన్నవిగా నున్నప్పుడు నడుమ పెసలు, కందులు, వేరుశనగ పండించుకొంటిమి. ఇప్పుడు కొమ్మలు కలిసినవి. నీడలో ఏమి చల్లినను పీలగా పెరుగుచున్నది. మామిడి కాపు చూడబోతే ఒక ఏడు వచ్చును, ఒక ఏడు రాదు. చెట్ల క్రింది నేల ఇట్లు ఊరక పడియుండవలసినదేనా?" అని వారి మాట.

ఈ ప్రశ్న న్యాయమైనది. కాపు రాని ఏట తోటకు ఖర్చు తప్పదు, రాబడి మాత్రము ఉండదు. అటువంటి తోటలలో నీడకు ఓర్చు పంటను కొద్దిపాటి చోట పెట్టుకొన్నచో ఇంటి అవసరము తీరి, కొంత అమ్మకమునకు కూడ మిగులును. ఆ పంటలలో మామిడి అల్లము ఒకటి. దీనిని గూర్చి మీరు తెలిసికొనవలసిన సంగతులను ఈ వ్యాసములో వివరించుచున్నాము. లాభములతో పాటు చిక్కులను కూడ చెప్పెదము. ఏలయన, ఒక పంటను చూచి మరొక పంటను పాడుచేసికొనుట తెలివి కాదు.

ఇది ఏ మొక్క?

మామిడి అల్లము పేరునకు అల్లమే గాని, కులమునకు పసుపునకు దగ్గర చుట్టము. అల్లము, పసుపు, కస్తూరి పసుపు, ఇది అన్నియు ఒకే కుటుంబములోనివి. శాస్త్రజ్ఞులు దీనిని 'కుర్కుమా అమడ' అందురు. ఈ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు. అతడు 18వ శతాబ్దము చివర మన సామర్లకోటలో ఉండి తెలుగు దేశపు మొక్కలను పరిశీలించి, 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అధికారిగా వెళ్ళెను. ఈ మొక్క వర్ణనను 1810లో ప్రకటించెను. 'అమడ' అనునది బెంగాలీ వారి 'ఆమ్ ఆదా' అను మాట. ఆమ్ అనగా మామిడి, ఆదా అనగా అల్లము. మన పేరు, వారి పేరు ఒకటే అర్థము.

మొక్క రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగును. ఆకులు పసుపు ఆకుల వలె పొడవుగా, వెడల్పుగా నుండును. దుంప పైకి అల్లము వలె కనిపించును. విరిచి చూచినచో లోపల లేత పసుపు వన్నె. పసుపు కొమ్ము వలె ముదురు నారింజ రంగు ఉండదు, అల్లము వలె ఘాటు ఉండదు, అంత పీచు కూడ ఉండదు. విరిచిన వెంటనే పచ్చి మామిడికాయ వాసన గుప్పున కొట్టును. ఇదియే దీనికి గుర్తు. దుంపలోని సుగంధ తైలములో పచ్చి మామిడిలో నుండు కొన్ని పదార్థములే ఉండుట వలన ఈ వాసన వచ్చును. వాసన మామిడిదే గాని పులుపు లేదు. కనుక దీనితో చేయు తొక్కులో నిమ్మరసమో, చింతపండో వేయవలెను.

నీడ ఎంత ఉండవలెను?

ఈ కుటుంబపు మొక్కలు అనేకము అడవిలో పెద్ద చెట్ల క్రింద పెరుగునట్టివి. తొలకరికి నేల నుండి మొలచి, వానలున్నంత కాలము ఆకులతో ఆహారము తయారుచేసి దుంపలో దాచుకొని, చలికాలమున ఆకులు ఎండి, ఎండకాలమంతయు నేలలో నిదురించును. తీక్షణమైన ఎండలో వాని వెడల్పాటి ఆకుల నుండి నీరు త్వరగా ఆవిరియగును, ఆకుల కొనలు మాడును. చెట్టు నీడ ఈ బాధను తగ్గించును. కనుకనే పలుచని నీడ దీనికి మేలు.

ఐతే నీడకు ఓర్చును అనగా చీకటిలో పండునని కాదు. ఆకుకు వెలుతురు చాలనిచో ఆకులు పొడవుగా సాగి పచ్చగా కనిపించును గాని, క్రింద దుంప ఊరదు. చూచి మురిసి, త్రవ్వి విచారింపవలసి వచ్చును. దీనిని ముందే తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. వానకాలమున ఎండ కాసిన దినమున మిట్టమధ్యాహ్నము తోటలోనికి పోయి నేలను చూడుడు. నేలపై ఎండ మచ్చలు చిల్లుల దుప్పటి పరచినట్లు పడుచున్నచో ఆ చోటు తగినది. ఒక్క మచ్చయు లేక నేలంతయు నల్లగా నున్నచో అక్కడ నాటవద్దు. అట్టి తోటలో మామిడి కోత ముగిసిన వెంటనే ఎండుకొమ్మలను, లోపలికి అల్లుకొన్న కొమ్మలను తీసివేయవలెను. దీనివలన మామిడికి గాలి, వెలుతురు తగిలి తెగుళ్ళు తగ్గును. క్రింది పంటకును వెలుతురు దొరకును.

టేకు చెట్ల క్రింద వానకాలమున నీడ చిక్కగా నుండును, వేళ్ళ పోటీ కూడ ఎక్కువ. గట్టు మీది టేకు వరుసకు కొంత దూరముగా పెట్టుకొనవచ్చును గాని, టేకు వనము నడుమ వద్దు. పెరటిలో జామ, మునగ, సీతాఫలము చెట్ల నీడ దీనికి చక్కగా సరిపోవును.

మన మూడు జిల్లాల నేలలు

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడునంత వరకు ఈ మూడింటిలోని ఎక్కువ భాగము పాత వరంగల్లు జిల్లాలోనిదే. అయినను నేల, నీరు అన్నిచోట్ల ఒకటి కాదు.

జనగామ వైపు ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు ఎక్కువ. వాన తక్కువ, నీరు త్వరగా ఇంకిపోవును. ఇచ్చట దుంప కుళ్ళు భయము తక్కువ, ఎండుట భయము ఎక్కువ. కనుక పెంట ఎరువు, ఆకు కప్పుట అను రెండింటిలో లోపము చేయరాదు. బావి దగ్గరి తోటలోనే పెట్టుకొనవలెను.

మహబూబాబాదు వైపు రైతులు పసుపు పండించుటలో అనుభవజ్ఞులు. పసుపు సేద్యము తెలిసినవారికి మామిడి అల్లము కొత్త విద్య కాదు. కాని పసుపులో దుంప కుళ్ళు వచ్చిన చేనిలో దీనిని పెట్టరాదు. ఆ తెగులు దీనికిని తగులును, శిలీంధ్రము నేలలో నిలిచియుండును.

భూపాలపల్లి వైపు వానలు ఎక్కువ, అడవి దగ్గర. కొన్నిచోట్ల నల్ల నేలలు. ఇచ్చట నీరు నిలుచుటయే పెద్ద శత్రువు. మళ్ళు ఎత్తుగా కట్టి, కాలువలకు వాలు పెట్టనిదే నాటవద్దు. అడవి పందుల బెడద కూడ ఇచ్చట లెక్కలోనికి తీసికొనవలెను.

ఏ నేలయైనను వదులుగా, నీరు ఇంకిపోవునట్టిదిగా ఉండవలెను. చవుడు నేలలు పనికిరావు.

ఎంత చోటు, ఎంత విత్తనము?

పాత తోటలలో చెట్టుకు చెట్టుకు 33 అడుగులు, అనగా సుమారు 10 మీటర్ల దూరమున నాటిన తోటలు చాలగా కలవు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చోటు 1,089 చదరపు అడుగులు. ఒక గుంట కూడ అంతే. అనగా అట్టి తోటలో ఎకరమునకు 40 చెట్లు, ఒక్కొక్క చెట్టు ఒక గుంట నేలను ఏలుచున్నదన్న మాట. ఈ లెక్క గుర్తుంచుకొన్నచో పని తేలిక.

ఆ గుంట అంతయు నాటరాదు. చెట్టు మొదలు చుట్టు 6 అడుగుల మేర ఖాళీగా వదలవలెను. కాలువలకు, నడకకు మరికొంత చోటు పోవును. మిగులునది సుమారు 650 చదరపు అడుగులు. వరుసకు వరుసకు 12 అంగుళములు, దుంపకు దుంపకు 8 అంగుళముల చొప్పున నాటినచో సుమారు 1,000 ముక్కలు పట్టును. ముక్క 20 గ్రాముల తూకము అనుకొన్నచో గుంటకు 20 కిలోల విత్తనము కావలెను.

మళ్ళు 4 అడుగుల వెడల్పు, 6 నుండి 8 అంగుళముల ఎత్తు ఉండవలెను. 4 అడుగులైనచో ఇరుప్రక్కల నుండి చేయి అందును, మడిని త్రొక్కవలసిన పని ఉండదు. మడికి మడికి నడుమ అడుగున్నర కాలువ తీసి, ఆ మట్టినే మడి మీద వేయవలెను. చెట్ల నడుమ లోతుగా నాగలి దున్నవద్దు, గడ్డపారతో లోతుగా త్రవ్వవద్దు. మామిడికి ఆహారము తెచ్చు సన్నని వేళ్ళు పై మట్టిలోనే విస్తారముగా నుండును. అవి తెగినచో దాని ఫలితము వచ్చే ఏటి కాపులో కనిపించును. పై మట్టిని పారతో గీకి, ఎరువుతో కలిపి మడి కట్టుటయే మంచి పద్ధతి.

గుంటకు 200 కిలోల చొప్పున బాగుగా చివికిన పెంట ఎరువు వేయవలెను. పచ్చి పెంట వేసినచో వేరు పురుగు పెరుగును. రసాయనిక ఎరువులను భూసార పరీక్ష చేయించిన పిదప, మీ ఉద్యానాధికారి చెప్పిన మోతాదున వేయుడు.

విత్తనము ఎన్నుకొనుట

పంట సగము విత్తనముతోనే నిర్ణయమగును. గట్టిగా, నిగనిగలాడుచు, మచ్చలు, మెత్తదనము లేని దుంపలను తీసికొనుడు. ప్రతి ముక్కకును ఒకటి రెండు మంచి మొలక కన్నులు ఉండవలెను. కోసిన కత్తిని నడుమ నడుమ శుభ్రము చేయుచుండుడు. ఒక దుంప విరిచి వాసన చూడుడు. మామిడి వాసన రానిచో అది మరొకటి.

మెరుగైన రకములు కూడ కలవు. ఒడిశాలోని పొట్టంగి పరిశోధన స్థానము నుండి 'అంబ' అను రకము, కోళిక్కోడులోని భారతీయ సుగంధ ద్రవ్యముల పరిశోధన సంస్థ నుండి 'అమృత్' అను రకము వచ్చినవి. ఇవి దొరకనిచో పేరు లేని నాటు రకమైనను ఫరవాలేదు, ఆరోగ్యమైనది కావలెను. మహబూబాబాదు జిల్లా మల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రమున విచారించుడు. పెరటిలో పెంచుకొను ఇండ్లవారి నుండి ఐదారు కిలోలు తెచ్చి, మొదటి ఏడు విత్తనము పెంచుకొనుట అన్నిటికంటె చౌక.

లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ మందు కలిపి, ఆ నీటిలో ముక్కలను 30 నిమిషములు ఉంచి, తీసి నీడన ఆరబెట్టి నాటవలెను. చేతులకు తొడుగులు వేసికొనుడు. మందు కలిపిన దుంపలను వంటకు వాడరాదు.

నాటుట, ఆకు కప్పుట

రోహిణి కార్తెలో మళ్ళు, విత్తనము సిద్ధము చేసికొని, మృగశిరలో మంచి వాన పడి నేల తడిసిన పిదప నాటుడు. ఆరుద్ర దాటనీయవద్దు. ఆలస్యమైన కొలది దుంప ఊరుటకు కాలము తగ్గును. 2 అంగుళముల లోతున, కన్ను పైకి ఉండునట్లు నాటి మట్టి కప్పవలెను.

నాటిన దినముననే మడి మీద ఆకు కప్పవలెను. తోటలో రాలిన మామిడి ఆకులు, కానుగ ఆకులు, గడ్డి ఏవైనను సరే. ఈ కప్పుడు వలన నాలుగు మేళ్ళు కలవు: వాన దెబ్బకు మడి కోసికొనిపోదు, కలుపు తగ్గును, తేమ నిలుచును, చివికి ఎరువగును. తోటలో రాలిన ఆకులను ఊడ్చి కాల్చు అలవాటు గలవారు ఈ ఒక్క కారణము చేతనైనను దానిని మానవలెను. ఐతే తెగులు సోకిన ఆకులను కప్పుటకు వాడవద్దు.

మూడు నాలుగు వారములలో మొలకలు వచ్చును. నెలన్నరకు కలుపు తీసి, మొదళ్ళకు మట్టి ఎగదోసి, రెండవసారి ఆకు కప్పవలెను. మూడవ నెలలో మరియొకసారి కలుపు తీసి మట్టి ఎగదోసినచో చాలును. అటుపిమ్మట ఆకులే నేలను కప్పి కలుపును అణచును.

నీరు: పైపంటకు, క్రిందిపంటకు తగవు

ఈ పద్ధతిలోని అసలు చిక్కు ఇచ్చట నున్నది. జాగ్రత్తగా గమనింపుడు.

మామిడి పూతకు రావలెనన్నచో అక్టోబరు నుండి పూత వచ్చు వరకు నేల కొంత పొడిగా ఉండవలెను. ఆ కాలమున నీరు పెట్టినచో చెట్టు పూతకు బదులు కొత్త చిగురు వేయును. మామిడి అల్లపు దుంప ఊరు కాలము కూడ ఇంచుమించుగా అదే. వానలు వెనుకబడినచో దానికి నీరు కావలెను. పదివేలు వచ్చునని క్రిందిపంటకు నీరు పారించి, లక్ష వచ్చు మామిడి పూతను పోగొట్టుకొనుట ఎట్టి వ్యవహారమో మీరే ఆలోచింపుడు.

దీనికి మార్గములు మూడు కలవు. మొదటిది, మృగశిరలోనే నాటి, వానల కాలమును పూర్తిగా వాడుకొనుట. రెండవది, సెప్టెంబరు చివర మూడవసారి మందముగా ఆకు కప్పి, ఉన్న తేమను కాపాడుట. దుంప కొంత చిన్నదైనను ఓర్చుకొనవలెను. మూడవది, తప్పనిసరిగా నీరు పెట్టదలచిన మళ్ళను తోట అంచున, ముసలివై కాపు ఉడిగిన చెట్ల క్రింద, లేక పెరటి జామ, మునగ చెట్ల క్రింద పెట్టుకొనుట. కాపు మీద నున్న చెట్ల నడుమ అక్టోబరు తరువాత కాలువ పారించవద్దు.

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన జాతీయ పథకము తరువాత ఈ జిల్లాలలో ఆయిల్ పామ్ తోటలు పెరిగినవి. ఆ చెట్టుకు ఏడాది పొడవున నీరు పెట్టవలెను గనుక అచ్చట ఈ తగవు లేదు. కాని దాని వేళ్ళు కూడ పైపైననే ఉండును. పాదులను కదపక, వరుసల నడుమ సన్నని పట్టీలో మాత్రమే పరీక్షించి చూడుడు.

మామిడికి వాడు మందులు

మీరు పైన కొట్టిన మందు క్రింద పడును, క్రింద పోసిన మందు దుంపకు అందును. తినెడి దుంప గనుక ఈ విషయములో ఉపేక్ష పనికిరాదు.

కాపు కొరకు కొందరు చెట్టు మొదట పాక్లోబుట్రజాల్ అను మందును పోయించుచున్నారు. ఇది నేలలో చాలకాలము నిలుచును. మొక్కల ఎదుగుదలను అణచుట దీని గుణము. ఈ మందు పోసిన చెట్ల క్రింద మామిడి అల్లము గాని, మరి యే తిండి దుంప గాని పెట్టవద్దు.

పూత సమయమున తేనెమంచు పురుగునకు మందు కొట్టుదురు. వీలైనంత వరకు దానికి ముందే దుంపలు త్రవ్వుకొనుడు. వీలుకానిచో, కొట్టిన తరువాత డబ్బాపై ముద్రించిన వేచియుండు దినములు గడిచిన పిదపనే త్రవ్వి, బాగుగా కడిగి వాడుడు. మందు పడిన ఆకులను పశువులకు వేయవద్దు.

తోటను గుత్తకు ఇచ్చువారికి మరియొక మాట. పూత మీదనే తోటను వ్యాపారికి అప్పగించు పద్ధతి మన వైపు కలదు. అప్పటి నుండి నీరు, మందు అతని చేతిలోనివి. క్రింద పంట నున్నదని, ఎప్పుడు త్రవ్వెదరని, అప్పటి వరకు మందు కొట్టరాదని గుత్త కాగితములోనే వ్రాయించుకొనుడు. నోటి మాట మీద వదలినచో తరువాత తగవులు వచ్చును.

తెగుళ్ళు, పురుగులు, పందులు

దుంప కుళ్ళు అన్నిటికంటె ముఖ్యమైన తెగులు. ఆకుల అంచులు పసుపు వన్నెకు తిరిగి ఎండును, మొదలు మెత్తబడును, లాగినచో మొక్క సులభముగా ఊడి వచ్చును, దుర్వాసన కొట్టును. నీరు నిలిచిన మడిలోనే ఇది మొదలగును. మురుగు కాలువ కంటె మంచి మందు దీనికి లేదు. తెగులు తగిలిన మొక్కను మట్టితో సహా తీసి తోటకు దూరముగా నాశనము చేయుడు. ముందు జాగ్రత్తగా 90 కిలోల చివికిన పెంట ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడి చల్లి, నీడన గోనెపట్టలు కప్పి వారము పదిదినములు ఉంచి, ఆ ఎరువును మళ్ళలో వేసికొనవచ్చును. ఒకే మడిలో ఏటేట దీనినే నాటవద్దు. మూడేండ్లకు గాని ఆ చోటికి తిరిగి రావద్దు.

మొవ్వు తొలుచు పురుగు కాండములో చేరి నడిమి ఆకును ఎండబెట్టును. కాండముపై చిన్న రంధ్రము, దాని నుండి వెలువడిన పొట్టు దీని గుర్తు. కొద్దిచోట పంట గనుక అట్టి కాండములను కోసి, చీల్చి, పురుగును చంపుటయే తేలిక.

మెత్తని మడి, ఆకు కప్పిన తేమ నేల అడవి పందులను పిలుచును. అవి తినుటకంటె పెళ్ళగించుట వలన నష్టము ఎక్కువ. గట్టి కంచె, లేక ఇంటి దగ్గరి చోటు ఎన్నుకొనుట వీని నుండి మార్గము. కంచె తీగకు కరెంటు పెట్టు పని ఎన్నడును చేయవద్దు. అది చట్టరీత్యా నేరము. తెల్లవారుజామున ఆ దారిని వచ్చునది పంది కాకపోవచ్చును, పొరుగు రైతు బిడ్డ కావచ్చును.

త్రవ్వుట, నిలువ చేయుట

నాటిన ఆరేడు నెలలకు ఆకులు పసుపు వన్నెకు తిరిగి ఎండిపోవును. అనగా డిసెంబరు చివర, సంక్రాంతి రోజులలో పంట చేతికి వచ్చును. ఆకు కోసి, మడి ప్రక్క నుండి పారతో ఎత్తి, దుంప గాయపడకుండ తీయవలెను. మట్టి దులిపి, వేళ్ళు తీసి, అమ్మదలచిన వానిని మాత్రమే కడుగుడు.

విత్తనమునకు మంచి దుంపలను కడుగకుండ ఏరి, నీడన రెండు మూడు దినములు ఆరనిచ్చి, కొట్టములో గాని చెట్టు నీడన గాని త్రవ్విన గుంతలో పొడి ఇసుక, దుంపలు వరుసలుగా పేర్చి, పైన గాలి ఆడునట్లు పలక మూయవలెను. నెలకొకసారి చూచి, చెడినవానిని ఏరివేయుడు. వాన నీరు గుంతలో దిగరాదు.

దీనిని ఎండబెట్టి అమ్మవలెనని చూడవద్దు. ఎండినచో సువాసన చాలవరకు పోవును. పచ్చిదిగానే దీని విలువ.

ఇంటిలో, అంగడిలో

ఇల్లాండ్రకు దీని వాడుక చెప్పనక్కర లేదు. చెక్కు తీసి, సన్నగా తరిగి, ఉప్పు, కారము, నిమ్మరసము, పోపు వేసిన తొక్కు నాలుకకు హితవు. పప్పులో వేయవచ్చును, తురిమి మజ్జిగలో కలుపవచ్చును. పచ్చి మామిడికాయ దొరకునది ఎండకాలము. ఇది చేతికి వచ్చునది చలికాలము, చెట్టు మీద పూత మాత్రమే ఉండు రోజులు. కనుకనే ఆ దినములలో పట్టణపు కూరగాయల బజారులలో దీనిని అడిగి కొనువారు కలరు.

అమ్మకము విషయములో మాత్రము తొందర వద్దు. పసుపు వలె దీనిని బస్తాలు కట్టి కేసముద్రము మార్కెటునకో, వరంగల్లు ఎనుమాముల మార్కెటునకో తోలి, సాయంత్రమునకు లెక్క తెచ్చుకొను పంట కాదు ఇది. కిలోల లెక్కన వంటిండ్లకు, కూరగాయల వారికి, తొక్కులు పెట్టువారికి పోవునది. నాటక పూర్వమే ముగ్గురు నలుగురిని అడిగి, ఎంత కొందురో తెలిసికొనుడు. ఊరిలోని మహిళా సంఘము వారు తొక్కు చేసి అమ్మదలచినచో, ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొనుట మరువరాదు.

లెక్కకు ఇట్లు అనుకొందము. గుంటకు 1,000 ముక్కలు నాటితిరి. కొన్ని చచ్చి, కొన్ని చిన్నవై, సగటున మొక్కకు 100 గ్రాములే వచ్చినదనుకొన్నను 100 కిలోలు. అందులో 20 కిలోలు తిరిగి విత్తనమునకు పోవును. మిగిలిన 80 కిలోలు ఎవరు కొందురో మీకు తెలిసియున్నచో మంచిదే. ఒక్కసారిగా ఎకరము నాటినచో 40 గుంటలకు 3,200 కిలోలు. దానిని ఎవరు కొందురు? ఈ ప్రశ్నకు జవాబు లేనంత వరకు ఎకరము నాటవద్దు. విత్తనము అమ్మువారు ఎంత ఆశ చూపినను వినవద్దు.

అడవి దుంపలను గూర్చి హెచ్చరిక

భూపాలపల్లి వైపు రైతులలో అడవి దుంపల పరిచయము గలవారు అనేకులు. వారికి ఒక మనవి. అడవిలోని పసుపు జాతి మొక్కలను విత్తనము కొరకు పెకలించి తేవద్దు. ఆకు కోసినచో మొక్క మరల చిగిర్చును. దుంపనంతయు తీసినచో ఆ చోట మొక్కయే ఉండదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అర్హులైన అడవి వాసులకు చిన్న తరహా అటవీ ఫలసాయముపై హక్కు ఇచ్చినది. ఆ హక్కు మీ బిడ్డలకును మిగులవలెనన్నచో కొంత దుంప నేలలోనే వదలవలెను.

మరియొకటి ప్రాణముతో పని. పొదలలోను, కంచెలపైనను ప్రాకి, ఆకు కొన నులితీగగా మారి, ఎరుపు పసుపు కలిసిన మంట వంటి పూవు పూయునది అడవి నాభి. దాని దుంప ఘోర విషము. తీగ ఎండిన తరువాత దుంప మాత్రము నేలలో ఉండును గనుక తెలియనివారు పొరబడుదురు. అది నున్నగా, కొంకి వలె వంగియుండును. మామిడి అల్లము వలె కణుపు గీతలు ఉండవు, మామిడి వాసన రాదు. తెలియని దుంపను నాలుకతో పరీక్షింపవద్దు. ఎవరైనను పొరపాటున తిన్నచో ఇంటి వైద్యములతో కాలము పోగొట్టక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మిగిలిన దుంపను కూడ వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపుడు. మామిడి అల్లము పెంచు చోట నాభి తీగ లేకుండ చూచుకొనుడు.

మొదటి ఏడు చేయవలసినది

రైతు సోదరులారా! ఈ ఏడు ఒక్క చెట్టు క్రింద, ఒక్క గుంటలో మొదలు పెట్టుడు. 20 కిలోల విత్తనము, 200 కిలోల పెంట ఎరువు, తోటలోనే రాలిన ఆకులు, ఇంటివారి నాలుగైదు దినముల పని దీనికి చాలును. కైకిలి కూలి పెట్టినచో ఆ ఖర్చును కూడ వ్రాసికొనుడు. నాటిన తూకము, త్రవ్విన తూకము, అమ్మిన ధర ఒక పుస్తకములో ఎక్కించుడు. ప్రక్కనే క్రిందిపంట లేని మామిడి చెట్టు ఒకదానిని గుర్తు పెట్టుకొని, రెండింటి పూతను, కాపును పోల్చి చూడుడు. మామిడి కాపు తగ్గక, గుంటలో నాటిన దానికి నాలుగైదు రెట్లు వచ్చి, కొనువారు దొరికినచో, రెండవ ఏడు ఐదు గుంటలకు పెంచవచ్చును. మామిడి కాపు తగ్గినట్లు కనిపించినచో పెరటికి మార్చుకొనుడు. ఏది ఏమైనను ఆ ఏడు ఇంటిలో తొక్కునకు కొదువ ఉండదు.

చెట్టు నీడ ఖర్చు లేక వచ్చినది. దానిని వాడుకొనుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. నేల తీరు, నీటి తీరు, అంగడి తీరు తెలిసికొని, గుంటతో ప్రారంభించి, లెక్క చూచుకొని ముందుకు పోవు రైతు నష్టపడడు.